నోరున్న పిల్ల

మా మనవరాలు పనాంబికి నాలుగేళ్లు. పొద్దున లేచింది మొదలు కోళ్లతో, కుక్కతో, పొయ్యిలో కట్టెలతో కూడా మాట్లాడుతుంది. ఆ వాగుడు భరించలేక నేనే అప్పుడప్పుడు చెవులు మూసుకుంటాను. బడిలో వేసే ముందు పరీక్షకని తీసుకెళ్తే, అలాంటి పిల్లకు మాటలు రావని విల్యారికా పట్నంలో ఒక డాక్టరమ్మ తేల్చేసింది. పిల్లల మాటల్ని పరీక్షించడమే ఆవిడ చదివిన చదువట. మా పిల్ల మామూలు బడికి పనికిరాదట, బుద్ధి ఎదగని పిల్లల బడిలో వెయ్యాలట.

ఆవిడ రాసిచ్చిన కాగితం పట్టుకుని మా అమ్మాయి నీమియా ఏడుస్తూ ఇంటికొచ్చింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుందా ఏంటే?"

"ఊరుకోమ్మా, పెద్ద చదువులు చదివినావిడ. బొమ్మలు చూపించింది. మంచుతో చేసిన మనిషి, మంచు మీద జారే బండి... ఇది నోరు తెరిస్తేగా!"

"మంచు మనిషా! మన పరాగ్వేలో మంచు ఎక్కడ కురిసిందంటా? మహాతల్లి దగ్గర ఆవు బొమ్మ లేదా?"

"ఉంది. దానికీ పలకలా."

ఆవుకు పలకలేదంటే నాకు అనుమానం వచ్చింది. "ఇంట్లో ఏం భాష మాట్లాడతారని అడిగిందా?"

నీమియా తల దించుకుంది. "అడిగింది. స్పానిషేనని చెప్పా."

మా ఇంట్లో స్పానిష్ మాట్లాడేది రేడియో ఒక్కటే. మేం తిట్టుకున్నా, ముద్దు చేసుకున్నా మా తాతల నాటి గ్వారనీ భాషలోనే. కానీ ఆఫీసు గుమ్మం కనబడితే చాలు, మా వాళ్లు తలమీద టోపీతో పాటు గ్వారనీని కూడా తీసేస్తారు. నీమియాను చిన్నప్పుడు బడిలో గ్వారనీ మాట్లాడిందని రాళ్ల ఉప్పు మీద మోకాళ్లేయించారు. ఆ భయం దానికి ఇంకా పోలేదు.

"పిల్లకేం చెప్పి తీసుకెళ్లావే?"

"గ్వారనీ ముక్క వినబడితే బళ్లో చేర్చుకోరు, నోరు మూసుకోమన్నా."

పిల్ల బుద్ధిగా అమ్మ మాట విన్నది. అందుకు దానికి దక్కిన బిరుదు, బుద్ధి ఎదగని పిల్ల!

మర్నాడు ఇద్దరినీ వెంటబెట్టుకుని నేనే వెళ్లాను. డాక్టరమ్మ ఇంటిపేరు ఓవెలార్. జుట్టంతా పైకి దువ్వి, గాలికి కూడా కదలకుండా నిలబెట్టుకుంది.

"మళ్లీ వచ్చారేంటి? రాసిచ్చాను కదా," అంది.

"ఇంకోసారి చూడు తల్లీ," అన్నాను, నాకొచ్చిన విరిగిన స్పానిష్‌లో. "ఈసారి గ్వారనీలో అడుగు."

"నాకు రాదు. అయినా అది పిల్లలకు నేర్పకూడదండీ, బుర్ర తికమకవుతుంది."

రాదట! ముఖం చూస్తే అచ్చం మా పక్కింటివాళ్ల ముఖం. ఓవెలార్ ఇంటిపేరు వాళ్లు మా చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కడ చూసినా ఉన్నారు. ఈవిడ మాత్రం స్పెయిన్ రాణిగారి మేనకోడలు!

నన్ను వదిలించుకోవడానికన్నట్టు ఆవు బొమ్మ తీసి పిల్ల ముందు పెట్టింది. "ఇదేమిటి?"

పనాంబి వాళ్లమ్మ వైపు చూసింది. "నీ ఇష్టమొచ్చినట్టు మాట్లాడవే," అన్నాను గ్వారనీలో. నీమియా నన్ను మోచేత్తో పొడిచింది. అప్పటికే పిల్ల అందుకుంది.

"అవ్వా, నిన్న కూడా ఇదే అడిగింది. ఆవంటే ఏంటో ఈమెకింకా తెలీదా? పాపం, వాళ్లమ్మ చెప్పలేదేమో. మరి నెత్తిమీద ఆ కోడిగూడేంటి? గుడ్లు పెట్టించడానికా?"

నేను ఒక్క ముక్క కూడా స్పానిష్‌లోకి మార్చలేదు. డాక్టరమ్మ చెయ్యి మాత్రం టక్కున జుట్టు మీదికి పోయింది.

"పొద్దున అద్దంలో బాగానే ఉంది కదే!" అంది. గ్వారనీలో. అదీ మా ఊరి యాసలో.

అన్న తరువాత తెలిసింది ఆవిడకు, తానేం అన్నదో. ముఖం చెవుల దాకా ఎర్రబడింది.

"నీకూ మాటలొచ్చు కదా తల్లీ!" అన్నాను. వెటకారంగానే అన్నాను, దాచడమెందుకు. "మరి ఎవరు మాన్పించారు?"

ఆవిడ బొమ్మలన్నీ ఒకదాని మీద ఒకటి సర్దింది. మళ్లీ చెదిపేసింది.

"మా అమ్మే," అంది చివరికి, గ్వారనీలోనే. "ఇంట్లో కూడా మాట్లాడనిచ్చేది కాదు. నేను బాగుపడాలని."

నా నోట్లో ఇంకో మాట సిద్ధంగానే ఉంది. కానీ నీమియా అడ్డొచ్చింది. కాగితం తీసి డాక్టరమ్మ ముందు పెట్టి, "నేను అబద్ధం చెప్పానమ్మా. మా ఇంట్లో స్పానిష్ లేదు," అంది. తరువాత కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. ఆఫీసు గదిలో నీమియా గ్వారనీ మాట్లాడటం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"చెప్పవే," అంది. "ఆవంటే ఏంటో ఈమెకు చెప్పు."