లోపలి చిత్రిక

మార్చురీ కాపలాదారు వడ్రంగికి బావమరిది. మధ్యాహ్నం దుకాణానికొచ్చి, సాయంత్రానికల్లా ఒక శవపేటిక కావాలన్నాడు. ఎవరికని వడ్రంగి అడిగితే, సరిహద్దు అవతలి సిపాయికని నసిగాడు. కొండ మీద దొరికాడట, పాతికేళ్ళు కూడా ఉండవట, రేపు సరిహద్దులో వాళ్ళవాళ్ళకు అప్పగిస్తారట.

వడ్రంగి కొడుకు పోయింది ఆ కొండ మీదే. నిరుడు అవతలివాళ్ళే పెట్టెలో పెట్టి పంపారు. ఆ దిగులుతో ఆరు నెలలకు భార్యా పోయింది.

"కర్ర లేదు, పో."

బావమరిది గోడకు చేరేసిన పలకల వంక చూశాడు గానీ అబద్ధమనలేదు. పూర్వం యుద్ధం ఆగాక మనవాళ్ళు శత్రువులకూ చితులు పేర్చారని, వాళ్ళ పేరనా నీళ్ళు వదిలారని నచ్చజెప్పబోయాడు.

"వాళ్ళకు కొడుకులు మిగిలుంటార్లే."

"మిగల్లేదు బావా. అయినా పేర్చారు."

వడ్రంగి రంపం అందుకున్నాడు.

పెట్టెకు లోపలివైపు కూడా చిత్రిక పట్టి నున్నగా చేయడం అతని అలవాటు. ఒత్తుకుంటోందని శవం లేచి తగాదాకొస్తుందా అని భార్య నవ్వేది. ఈసారి పైవైపే పట్టి మేకులు కొట్టేశాడు. మూత పెట్టబోతూ, అలవాటు కొద్దీ లోపల చెయ్యి పెట్టి రాశాడు. బొటనవేలిలో పేడు దిగింది.

నిరుడు కొడుకు పెట్టె తెరిచినప్పుడు అందరూ మొహం చూశారు. అతను చూడలేక పలకను తడిమాడు. నున్నగా ఉంది. మూలలు కూడా. అవతల ఎవడో పనివాడు లోపలంతా చిత్రిక పట్టాడు. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. చెబితే, తిట్టుకోవడానికి ఒకడు తగ్గిపోతాడు.

మేకులు ఊడబెరికి పలకలు విడదీశాడు. బయట వ్యాను హారన్ కొడుతోంది.

"లోపలెవరు చూస్తారు బావా?"

"వాడి నాన్న తడిమి చూస్తాడు."

బావమరిది కళ్ళు తుడుచుకుని, మొత్తానికి క్షమించావన్నమాట అన్నాడు.

"నోర్మూసుకుని ఆ చివర పట్టుకో."

పొద్దుగూకేలోపు వ్యాను పెట్టెను ఎక్కించుకుని వెళ్ళింది. వడ్రంగి పొట్టు ఊడ్చి, దుకాణం మూసి, ఇంటికెళ్ళి దీపం వేసుకున్నాడు. వేలు సలుపుతోంది. పేళ్ళు తీసే సూదిని భార్య ఎక్కడ పెట్టేదో అతను ఎన్నడూ అడగలేదు.