ఎడమకాలి జోడు

పైడిరాజు మండల ఆఫీసు గేటు తాళం తీసి, సైకిలు లోపలి గోడకి ఆనించి, మూడు మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకున్నాడు. అప్పటికింకా ఎనిమిది కూడా కాలేదు. ఆవరణలో పడుకున్న కుక్క తప్ప చూసేవాళ్లెవరూ లేరు. అయినా పట్టుకునే ఎక్కాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మనుషులు ఉన్నప్పుడే పట్టుకునేవాడు. తర్వాత్తర్వాత మనుషులున్నారో లేరో చూసుకోవడం కూడా మానేశాడు.

గదులు ఊడ్చాడు. నీళ్ల డబ్బా ఎత్తి స్టాండు మీద బోర్లించాడు. సోమవారం, అర్జీల రోజు కాబట్టి వరండాలో రెండు బల్లలు వేశాడు. నలభై ఏళ్ల బక్కమనిషి. ఖాకీ చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయి, రెండూ అర్జీలు రాసుకునేవాళ్లు అడిగి తీసుకునేవే. ఎడమ భుజం కిందికి జారిపోయి ఉంటుంది. అతని చొక్కాలు కుట్టే దర్జీ ఎడమవైపు అంచు అంగుళం పొట్టిగా కత్తిరిస్తాడు. అలా కత్తిరిస్తేనే అది అతని ఒంటిమీద సమంగా వేలాడుతుంది.

ఉన్నమాట చెప్పుకోవాలంటే, అతని ఎడమకాలు మొదట్లో అంత చెడ్డదేమీ కాదు. చిన్నప్పుడు పోలియో తగిలి పిక్క కాస్త సన్నబడింది, అంతే. పాతికేళ్ల వయసులో వరిమోపు నెత్తిన పెట్టుకుని గట్ల మీద నడిచినవాడు. అసలు చెడ్డకాలు లక్ష్ముడిది.

ఇద్దరిదీ ఒకే ఊరు, ఇద్దరికీ ఒకే ఎండాకాలంలో జ్వరం వచ్చింది. లక్ష్ముడి ఎడమకాలు రెండంగుళాలు పొట్టిదైపోయింది. కోటబొమ్మాళి రైల్వే గేటు పక్కన టార్పాలిన్ కట్టి పంక్చర్లు వేసుకునేవాడు. పాత లారీ టైరు కోసి, ముక్కలు ఒకదాని మీద ఒకటి సొల్యూషనుతో అంటించి, ఎడమకాలి జోడుకి ఎత్తు అడుగు కట్టుకున్నాడు. అది తొడుక్కుంటే నడక తిన్నగా ఉండేది. కొత్తవాళ్లెవరైనా అతని కుంటితనం కనిపెట్టలేకపోతే ఆ పూటంతా ఈలలేసుకుంటూ పనిచేసేవాడు.

ఆరేళ్ల కిందట పట్నంలో ఒక బడిలో వికలాంగుల శిబిరం పెట్టారు. వైకల్యం నలభై శాతం ఉందని డాక్టరు రాస్తే పింఛను. ముప్ఫై తొమ్మిదైతే ఇంటికే. మూడొందల మంది జనం, ఇద్దరే డాక్టర్లు. పడుకోబెట్టి కొలిచే తీరిక ఎవరికుంది? గుమ్మం నుంచి బల్ల దాకా నడిచిన నడకే లెక్క.

"రెండడుగులకోపాలి గోడ పట్టుకో. ఆ కాగితం ఉంటే రేపు ఉద్యోగానికీ పనికొస్తాది. మండలానికి ఒక్కటే పోస్టు, మరి నీ ఇష్టం," అని అక్కడ తిరిగే దళారి ఒకడు పైడిరాజు చెవిలో ఊదాడు.

పైడిరాజు గోడ పట్టుకున్నాడు. అరవై శాతం రాశారు. వెనకే లక్ష్ముడు ఎత్తు జోడు తొడుక్కుని, ఛాతీ విరుచుకుని, పెళ్లికొడుకులా తిన్నగా నడిచివెళ్లి డాక్టరుకి దండం పెట్టాడు. ముప్ఫై అయిదు రాశారు.

వరసలో గంటసేపు పక్కపక్కనే నిలబడ్డారు ఇద్దరూ. 'ఆ జోడు విప్పెయ్యరా' అని ఒక్కమాట అంటే సరిపోయేది. ఆ మాట పైడిరాజు నోటిదాకా వచ్చింది. ఒక్కటే పోస్టన్న సంగతి గుర్తొచ్చి మింగేశాడు.

ఏడాది పింఛను తిన్నాక ఆ కాగితం మీదే ఈ అటెండరు పని వచ్చింది. పింఛను జాబితాలో పేరు కొట్టేశారు. ఆగస్టు పదిహేనుకి ఆఫీసరుగారు అతన్ని అందరి ముందుకి పిలిచి, ఇదిగో, సర్కారు సాయంతో మొదలుపెట్టి సొంత సంపాదన దాకా వచ్చిన మనిషి అని చూపించారు. జనంలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది లక్ష్ముడు. ఆ చప్పట్లు గుర్తొస్తే పైడిరాజుకి ఈనాటికీ అన్నం సయించదు.

రెండు నెలల కిందట ఉండబట్టలేక, మళ్లీ పరీక్ష చేయమని లక్ష్ముడి పేరున తనే అర్జీ రాశాడు. సంతకం కూడా తనే పెట్టేశాడు.

పదకొండు గంటలకి కంప్యూటరు గదిలోంచి యమున పిలిచింది.

"పైడిరాజన్నా, మీ లక్ష్ముడి పేరొచ్చినాది. గురువారం శిబిరానికి రమ్మన్నారు."

జాబితాలో ఆ పేరు మూడుసార్లు చదువుకున్నాడు. ఒక నకలు అడిగి జేబులో పెట్టుకున్నాడు. ఇక ఆ రోజు పని పని కాదు. పంచదార లేని టీ ఇవ్వాల్సినవాళ్లకి పంచదారది ఇచ్చి తిట్లు తిన్నాడు. లోలోపల ఒకటే వల్లె వేసుకుంటున్నాడు. 'గురువారం ఆ జోడు ఇంటికాడ ఒగ్గేసి రారా. ఆవేళే సెప్పాల. కావాలనే సెప్పలేదు.' చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగి మళ్లీ మొదటికి వెళ్తున్నాడు.

సాయంత్రం రైల్వే గేటు దగ్గర టార్పాలిన్ లేదు. నేలమీద నూనె మరకలున్నాయి. సైకిలు లక్ష్ముడి ఇంటికి తిప్పాడు. గుమ్మంలో లక్ష్ముడి తల్లి గున్నమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది.

"ఆడేడమ్మా?"

"పొద్దుటి పాసింజరుకి ఎల్లిపోనాడు నాయినా. సెన్నైలో పేద్ద మేడకాడ వాచ్‌మను పనట. బళ్లన్నీ ట్యూబుల్లేని కొత్త టైర్లైపోనాయి, పంక్చర్లు ఎవులేయించుకుంతన్నారు?"

"పన్నెండు గంటలు నిలబడాలమ్మా. ఆ కాల్తోనా?"

"కాలు సూపిత్తే కదా! మొన్న పనికి తీసుకెల్లేవోళ్లు ఊళ్లోకొస్తే ఆల్ల ముందు తిన్నగా నడిసినాడు, పని ఇచ్చేసినారు. బూటు లోపల రబ్బరు ముక్క అంటించుకున్నాడు."

పైడిరాజు మెట్టు మీద కూలబడ్డాడు. "నాకొక్క మాట సెప్పలేదు."

"సెప్దామనే అనుకున్నాడు. 'నన్ను సూసినప్పుడల్లా పైడిరాజు తల దించేసుకుంతన్నాడే, ఎల్లేముందు మరీ ఎందుకులే' అన్నాడు." ఆమె లోపలికెళ్లి పాత పేపరులో చుట్టిన పొట్లం తెచ్చింది. "ఇది నీకిమ్మన్నాడు."

విప్పి చూశాడు. కొత్త జోళ్లు. ఎడమదానికి సగం అంగుళం ఎత్తు అడుగు, అంచులు నున్నగా అరగదీసి ఉన్నాయి.

"నా కొలత ఎప్పుడు తీసినాడు?"

"తీసేదేటి? రోజూ గేటుకాడ సైకిలు దిగి పట్టాలు దాటతావు కదా, సూసి కొలిసినాడు. 'ఆరేళ్లనాడు ఆడి కాలికి ఏటీ నేదే, ఇప్పుడు నిజంగానే దిగిపోనాది పాపం' అన్నాడు. ఎందుకలగన్నాడో నాకు తెల్దు."

అంటే ఆవేళ గోడ పట్టుకున్నది నటనేనని లక్ష్ముడికి మొదటినుంచీ తెలుసు. పైడిరాజు జేబులోని కాగితం తీయలేదు. పొట్లం చంకలో పెట్టుకుని లేచాడు.

సందు మలుపులో ఆ జోళ్లు తొడుక్కుని సైకిలు నడిపించుకుంటూ బయల్దేరాడు. అతికినట్టు సరిపోయాయి. భుజం పైకి లేచింది. చొక్కా ఎడమ అంచు అంగుళం పొట్టిగా తేలిపోయింది. అలా నలభై అడుగులు వేశాడో లేదో, ఎదురుగా హెడ్ గుమాస్తా మోహనకృష్ణ స్కూటరు ఆపాడు.

"ఏటి పైడిరాజూ, కాలు బాగైపోనాదేటి?"

నవ్వులాటకే అన్నాడు. పైడిరాజు మాత్రం "లేద్సార్" అంటూ పక్కనున్న గోడ పట్టేసుకున్నాడు.

గురువారం శిబిరంలో లక్ష్ముడి పేరు మూడుసార్లు పిలిచి కొట్టేశారని యమున చెప్పింది. పైడిరాజు సరేనని తలూపి, బల్లలు తుడవడానికి వెళ్లాడు, గోడ పట్టుకుంటూ. ఆఫీసు బీరువా అడుగు అరలో, పాత పేపరు మీద, నలభై అడుగుల దుమ్ముతో ఆ ఎడమకాలి జోడు ఉంది.