అప్పన్న పడుకున్న మెరక

గొర్లిపేట పంచాయతీ ప్రెసిడెంటు జగన్నాధం నాయుడి మీదికి ఆ వేసవిలో ఒక ముప్పు సైకిలెక్కి వచ్చింది. ముప్పు పేరు నగరేశ్వరరావు. గజపతినగరం సమితి ఆఫీసులో ఎక్స్‌టెన్షన్ ఆఫీసరు. కుర్రవాడు, విజయనగరం కోమట్ల బిడ్డ, ఎండలో తిరగడం అలవాటు లేనివాడు. వచ్చీరాగానే రెండు చెంబుల మజ్జిగ తాగి అసలు సంగతి చెప్పాడు.

"ఊరూరా తిరిగే గంగిరెద్దులవాళ్ళకి ప్రభుత్వం ఇళ్ళు కట్టిస్తోందండీ. మీ ఊరి బంజరులో స్థలం చూపించాలి. వానలు పడేలోగా తేల్చకపోతే ఈ ఇళ్ళు వేరే సమితికి వెళ్ళిపోతాయి."

"అంతకన్నా పున్నెం ఏటుంటాది బాబూ!" అన్నాడు నాయుడు. నోరు అలా అంటూనే ఉంది, కళ్ళు మాత్రం పెరటివైపు పరిగెత్తాయి ఆయనకి.

పరిగెత్తవూ మరి! ఊళ్ళో మనిషి కాపురం ఉండదగ్గ బంజరు ఒకే ఒక్కటి. నాయుడి పెరటిని ఆనుకుని ఉన్న మెరక. ఎంత వాన కొట్టినా అక్కడ చుక్క నిలవదు. ఆ మెరక చుట్టూ నాయుడు ఏనాడో ముళ్ళకంచె వేసి, గడ్డికుప్ప పెట్టి, కళ్ళం చేసుకున్నాడు. వచ్చే ఏడు అక్కడే రైసుమిల్లు పెడదామని రాజాం వెళ్ళి మిషను కూడా చూసొచ్చాడు. అది సర్కారు భూమని ఊరందరికీ తెలుసు. తెలిస్తే మాత్రం, ప్రెసిడెంటుతో ఎవడు పెట్టుకుంటాడు?

అందుకని ఆఫీసరుని ముందుగా చెరువు పక్క పల్లానికి తీసుకెళ్ళాడు. వెనకాలే గంగిరెద్దులవాళ్ళ పెద్ద, అసిరమ్మ. నోట్లో చుట్ట, చేతిలో ఎద్దు పగ్గం. ఆ ఎద్దు ఉత్త ఎద్దు కాదు, సింహాచలం దేవుడికి మొక్కుకుని ఎవరో వదిలిన కోడె. పేరు అప్పన్న.

"ఇక్కడైతే నీళ్ళకి లోటుండదు," అన్నాడు నాయుడు.

"లోటేటి నాయుడుబాబూ," అంది అసిరమ్మ. "కిందటేడు వానల్లో మా గుడిసెలు ఇక్కడే కదా. నీళ్ళు మంచాల కాడికొచ్చేసినాయి. నా కోడలు పచ్చి బాలింత. పసిగుడ్డుని నెత్తిన గంపలో ఎట్టుకుని, తెల్లారేదాకా కల్వర్టు మీద నిలబడ్డాది. ఇంకో వానాకాలం అలగ గడపమంటే నా వల్ల కాదు బాబూ."

నగరేశ్వరరావు తల దించుకున్నాడు. నాయుడికీ ఒక్క క్షణం ఎలాగో అయింది. కానీ మిషను గుర్తొచ్చి ముందుకు నడిచాడు.

తరవాత రాళ్ళదిబ్బ. "గాలి బాగా వస్తాది," అన్నాడు.

"వస్తాది బాబూ. గుంజ పాతుదామంటే గునపమే దిగదు."

ఆ తరవాత శ్మశానం పక్క బీడు. "నెమ్మదైన సోటు," అన్నాడు నాయుడు, తనకే నమ్మకం లేకుండా.

"నెమ్మదే. ఇక్కడున్నోళ్ళెవులూ మనతో గొడవకి రారు," అంది అసిరమ్మ.

ఆఫీసరు ఫక్కున నవ్వి, మళ్ళీ ప్రెసిడెంటు మొహం చూసి దగ్గాడు. "అమ్మా, మీకు ఏ చోటు బాగుంటుంది?" అనడిగాడు. అసిరమ్మ చుట్ట నోట్లోంచి తీసి మెరకవైపు చూసింది.

"ఎండెక్కిపోనాది బాబూ, పదండి పదండి!" అని నాయుడు ఆఫీసరు రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం నడవలో పడుకుని దొర్లుతుంటే నాయుడికి ఉపాయం తట్టింది. తన తాతల నాడు ఊళ్ళో అమ్మవారి గుడికి చోటు తేలక కొట్టుకుంటుంటే, కోడెని వదిలి, అది పడుకున్న చోట గుడి కట్టారట. ఆ మాటే ఇప్పుడు చెప్తే? అప్పన్న దేవుడి కోడె. అది ఎక్కడ పడుకుంటే అదే వాళ్ళ స్థలం. కాదనే మొనగాడెవడు? వినగానే ఆఫీసరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. తేల్చే భారం తన నెత్తిమీంచి ఎద్దు నెత్తిమీదికి పోతున్నందుకు.

సాయంత్రం నాయుడు ఉత్తరీయం తలపాగా చుట్టి, గంపెడు తవుడూ తెలగపిండీ బెల్లమూ రాళ్ళదిబ్బ మీదికి స్వయంగా మోసుకెళ్ళి గుమ్మరించాడు. ప్రెసిడెంటు అయ్యాక గంప ఎత్తడం అదే మొదలు. మెడ పట్టేసింది.

"మన గేదెల తెలగపిండి ఏటయిపోనాది మావా?" అని భార్య తాయారు అడిగితే, "ఎలకలు," అన్నాడు.

"గంప కూడా ఎత్తుకెల్లిపోనాయేటి ఎలకలు?" అంది తాయారు. నాయుడు మెడ తిప్పలేక, ఒళ్ళంతా తిప్పుకుని లోపలికి పోయాడు.

మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా చేరింది. అసిరమ్మ కొడుకు ఎర్రన్న అప్పన్నని ఉత్త తాడుతో తోలుకొచ్చాడు. చూసి నాయుడు మండిపడ్డాడు.

"ఏటిరా ఇది? దేవుడి పనికి కోడెని ఇలగ బోడిగా తెస్తారేటి? ఆఫీసరుగారు సూస్తన్నారు! బొంత కప్పు. గజ్జెలు కట్టు. సన్నాయి అందుకో!"

"సన్నాయెందుకు బాబూ," అంది అసిరమ్మ మెల్లిగా. "ఉత్తినే వదిలేద్దారి. దాని ఇష్టానికి అది ఎల్తాది."

"ఊరికి పెద్దని నానా, నువ్వా?"

అసిరమ్మ బొంతా గజ్జెలూ తెచ్చి కొడుక్కి అందించింది. చెప్పవలసింది చెప్పింది పాపం, ఆవిడ తప్పేం లేదు.

ఇక్కడ ఒక పాత గొడవ చెప్పుకోవాలి. ఒకసారి కోతలయ్యాక గంగిరెద్దు ముందు మునసబు ఇంటికెళ్ళి, తరవాత ప్రెసిడెంటు ఇంటికొచ్చింది. నాయుడు ఆ రోజు అన్నం మానేశాడు. "మొదటి దండం నాకు ఎట్టనప్పుడు మీరు ఊళ్ళో అడుగెట్టొద్దు!" అని గంతులేశాడు. ఏం చేస్తుంది అసిరమ్మ? రోజూ బెల్లం ముక్క ఆశ పెట్టి అప్పన్నకి నేర్పింది. బొంత కప్పి సన్నాయి ఊదితే చాలు, ఎక్కడున్నా నేరుగా నాయుడి గుమ్మానికి పోవాలి. దండం పెట్టాలి. దండం అయ్యాక తాయారు పాత చీర కప్పి, మెరక మీద గడ్డికుప్ప పక్కనున్న తొట్టిలో కుడితి పోస్తుంది. తాగి, ఆ కుప్ప నీడలోనే పడుకుంటుంది అప్పన్న. ఏటా జరిగేది ఇదే. ఆ మర్యాద కోరి తెచ్చుకున్న పెద్దమనిషికే ఆ పూట అది గుర్తులేదు.

ఎర్రన్న సన్నాయి ఎత్తాడు. అప్పన్న చెవులు నిక్కబొడుచుకున్నాయి. రాళ్ళదిబ్బ కుడివైపుంది. అప్పన్న ఎడమవైపు తిరిగింది.

"అటు కాదురా, అటు కాదు!" అన్నాడు నాయుడు. దేవుడి కోడెకి దారి చెప్పేస్తున్నాడని ఆఫీసరు వింతగా చూసేసరికి, "ఎండగా ఉన్నాది కదా అని..." అని నసిగాడు.

గజ్జెలు ఘల్లుఘల్లుమంటుంటే అప్పన్న వీధి నడుమ నుంచి వెళ్ళి నాయుడి గుమ్మం ముందు ఆగింది. ముందుకాళ్ళు వంచి దండం పెట్టింది. గుమ్మంలో ఎవరూ లేరు, అందరూ దాని వెనకే ఉన్నారాయె. కాస్సేపు చూసి, పెరటి పక్కగా మెరక ఎక్కి, తెరిచి ఉన్న తడికలోంచి దూరి, గడ్డికుప్ప నీడలో కూలబడింది.

"గోవిందా!" అంది ఊరు.

"కూకుంది! కూకుంది గానీ పడుకోలేదు!" అని నాయుడు పరిగెత్తాడు.

అప్పన్న మెడ చాచి నేలకి ఆనించి కళ్ళు మూసుకుంది.

"లేపరా ఎర్రన్నా!"

"దేవుడి మాటైపోనాది కదా బాబూ, నానేలగ లేపుతాను?"

నాయుడికి ఒళ్ళు తెలియలేదు. కంచెలోంచి కర్ర పీకి పైకెత్తాడు. గోవింద నామాలు ఆగిపోయాయి. జనం బిగుసుకుపోయారు. అసిరమ్మ చెయ్యి చుట్టతో సహా గాలిలోనే నిలిచిపోయింది.

ఎత్తిన చెయ్యి చూసి అప్పన్న లేచింది. పెద్దవాళ్ళు చెయ్యెత్తితే దీవిస్తున్నారని దానికి నేర్పిన చదువు. అంచేత ఆ కర్ర కిందే ముందుకాళ్ళు వంచి, తల నేలకి ఆనించి, నాయుడికి ఇంకోసారి దండం పెట్టింది.

"సెయ్యి దించు మావా," అంది తాయారు. అప్పన్న మెడ మీద చెయ్యేసింది. "నా సేత్తో కుడితెట్టిన పసువు."

నాయుడి మొహం కందగడ్డయిపోయింది. సిగ్గేసింది, ఊరి ముందు కాదు, ఎద్దు ముందు. కర్ర కింద పడేశాడు. "ఏటలాగ సూస్తన్నారు?" అని జనం మీద అరిచాడు. "దేవుడు సెప్పినాక ఇంకేటి? కంచె పీకండి!"

వానలకి ముందే మెరక మీద తాటాకు ఇళ్ళు లేచాయి. ఆపైన మొదలైంది నాయుడి అవస్థ. ఎర్రన్న పొద్దున్నే సన్నాయి సాధకం చేస్తాడు. అది వినగానే అప్పన్న పక్కనే ఉన్న నాయుడి గుమ్మం ముందుకొచ్చి దండం పెడుతుంది, తవుడు కలిపిన కుడితి పోస్తే గానీ కదలదు. ఏడాదికోసారి కోరుకున్న మర్యాద ఇప్పుడు దినదినమూ. "ఈ తవుడు ఖర్చుకి రైసుమిల్లు వచ్చేసును!" అని నాయుడు కనబడ్డవాళ్ళందరికీ మొరపెట్టుకున్నాడు.

కోతలయ్యాక గంగిరెద్దులవాళ్ళు ఇళ్ళ తాళాలు తాయారు చేతిలో పెట్టి, పిల్లామేకా అప్పన్నతో సహా దేశం మీదికి వెళ్ళిపోయారు. మొదటిరోజు నాయుడు పొద్దెక్కేదాకా పడుకుని, హాయి అన్నాడు. తరవాత ఎందుకో నిద్ర పట్టలేదు. చీకటితోనే గుమ్మంలో కూచునేవాడు.

వేసవిలో నగరేశ్వరరావు మళ్ళీ వచ్చాడు. "ఇళ్ళు ఖాళీగా ఉన్నాయటండీ. వాడుకోవడం లేదని రాసేస్తే స్థలం వెనక్కి వస్తుంది. మీరు మిల్లుకి అర్జీ పెట్టుకుంటే..." అని ఆగాడు.

తాయారు తలుపు చాటునుంచి మొగుణ్ణి చూసింది. నాయుడు మెరకకేసి చాలాసేపు చూశాడు. మిషను ఇంకా రాజాంలోనే ఉంది, అమ్ముడుపోలేదు.

"ఎవుడన్నాడయ్యా వోళ్ళు లేరని?" అని లేచాడు ఒక్కసారిగా. "తిరక్కపోతే గంగిరెద్దులోళ్ళేటి? మీరు ఇల్లు కట్టింది వానలకి! వాన పడనియ్యండి. అందాకా కాపలా నాను ఉన్నాను. రాస్తే గీస్తే ఆ మాటే రాసుకోండి!"

మృగశిర కార్తె వచ్చింది. వాన పడింది. రెండు తెల్లవార్లు నాయుడు వీధిలోకి చూసి చూసి విసుక్కున్నాడు. మూడోనాడు, సన్నాయి లేకుండానే, గజ్జెల చప్పుడు. అప్పన్న తడిసి ముద్దయి గుమ్మం ముందు నిలబడి ముందుకాళ్ళు వంచింది. వెనక గోనెసంచి కప్పుకుని అసిరమ్మ, నడక నేర్చిన మనవణ్ణి చంకనేసుకుని.

"ఇంత ఆలీసమేటి?" అని గదిమాడు నాయుడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరికీ కనబడకుండా పెరట్లోకి తిరిగి, "ఒసే తాయారూ! కుడితి తొట్టి కాళీగా ఉన్నాది, సూసుకోనక్కర్లేదేటే?" అని కేకేశాడు.

తొట్టి ఖాళీగా లేదు. ఆ పొద్దున్న చీకటితోనే ఆయనే నింపాడు.