ఉద్యోగుల గడి

పైకప్పు తట్టి చూడకుండా బొగ్గుబాయిలో దాని కింద ఎవరూ నిలబడరు. గడ్డపారతో తడితే ఖంగుమనాలి. డొల్లగా మోగిందా, వెనక్కి రావాల్సిందే. బడి నాకు ఏడో తరగతి దాకే నేర్పింది. ఈ ఒక్క ముక్కా బాయి ఇరవై ఆరేళ్ళు నేర్పింది.

తొంభై నాలుగులో మంచిర్యాలలో ఒక షేర్ల దుకాణానికి వెళ్ళాను. అప్పట్లో వాటాలంటే కాగితాలే. ఫారం నింపి బొంబాయికి పంపితే నెలల తర్వాత పోస్టులో వచ్చేవి. బల్ల వెనక కూర్చున్నాయన నా గోళ్ళలోని నలుపు చూసి, "మీకు చిట్టీలున్నయి గద. ఇది చదువుకున్నోళ్ల పని" అన్నాడు. ఫారం చేతికి కూడా ఇవ్వలేదు. పదహారేళ్ళు ఆ మాట రోజూ నాతో బాయిలోకి దిగింది, నాతోనే పైకి వచ్చింది.

రెండువేల పది వచ్చేసరికి షేర్ల ఆఫీసు గోదావరిఖని చౌరస్తాకే వచ్చి కూర్చుంది. కాగితాలు పోయాయి, వాటాలన్నీ కంప్యూటర్ ఖాతాలోనే. పాన్ కార్డు చేయించుకున్నాను, ఖాతా తెరిచాను. ఆ అక్టోబరులో కేంద్రం తన పెద్ద బొగ్గు కంపెనీ వాటాలను మొదటిసారి జనానికి అమ్మకానికి పెట్టింది. బొగ్గు కంపెనీ అనగానే మా కాలనీ మొత్తం మన కంపెనీయే అనుకుంది. ఏదైనా కొంటే ఇదే కొనాలి, నా పేరు మీదే కొనాలి అని పట్టుపట్టాను.

ఫారం నింపింది మా అక్క మొగుడు భూపాల్. మా బాయిల కంపెనీ ఆఫీసులో గుమాస్తా, డిగ్రీ చదివాడు. ఆ సంగతి మరిచిపోనివ్వడు. ఆఖరి రోజు మధ్యాహ్నం తన ఫారం, నా ఫారం పట్టుకుని నాతోపాటు షేర్ల ఆఫీసు వరుసలో నిలబడ్డాడు. మూడింటికి కౌంటర్ మూసేస్తారు. మూడింటికే నా రెండో షిఫ్టు.

కౌంటర్లో తస్లీమా ఉంది. మా బాయిలో నాతో పనిచేసే మహబూబ్ కూతురు.

"సంతకం అయ్యింది గద నర్సింగం కాకా, ఇటియ్యి."

"ముందుగాల చదివి వినిపియ్యి బిడ్డా. మొదటి నుంచి, ఒక్కొక్కటి."

వెనక వరుసలో ఎవరో గొణిగారు. "హరికథ పెట్టిన్రా ఏంది ఈడ?"

భూపాల్ అందరికీ వినబడేలా నవ్వాడు. "మా బామ్మర్దికి గది అలవాటే. పెండ్లినాడు పందిరిని గూడ తట్టి చూసినంకనే పీటల మీద కూసున్నడు."

"తట్టకుంట నిలవడ్డోళ్లను దవాఖానల చూసిన బావా. నువ్వు ఫ్యాను కింద కూసున్నోనివి, నీకేమెరుక!"

తస్లీమా చదివింది. పేరు, తండ్రి పేరు, పాన్ నంబరు, ఖాతా నంబరు. ఒకచోట ఆమె వేలు ఆగిపోయింది.

"కాకా, ఈ గడిల టిక్కు ఎవలు పెట్టిన్రు?"

"ఇగో, డిగ్రీ సారు."

"ఉద్యోగులకు వేరే కోటా అని రాసిలేదా?" అన్నాడు భూపాల్. "మనం బొగ్గు ఉద్యోగులం గాదా?"

"బొగ్గు ఒక్కటే గని కంపెనీలు వేరు మామా. మనది రాష్ట్రం, కేంద్రం కలిసి నడిపేది. ఆ కంపెనీల మనం ఉద్యోగులం గాదు. గిట్లనే ఇస్తే ఫారం తీసి పక్కన పడేస్తరు."

భూపాల్ మొహం చూడదగ్గట్టు ఉంది. కానీ నాకు నవ్వు రాలేదు. మంచిర్యాల బల్ల మళ్ళీ నా ముందుకొచ్చి నిలబడింది.

"ఇరవై ఆరేండ్లు బొగ్గుదుమ్ము మింగిన. ఈడ గూడ బయటోన్నేనా బిడ్డా?"

తస్లీమా ఇంకో ఫారం తీసి నా ముందు పరిచింది. "దీంట్ల బయటోళ్లనేటోళ్లు లేరు కాకా. ఈ గడి చూడు. దేశంల ఎవలైనా పెట్టుకోవచ్చు. ఏ కంపెనీ అని అడగరు."

"ఎంత చదివినవని?"

"అడగరు. పాన్ కార్డు, ఖాతా, సంతకం. గంతే."

గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. పెన్ను భూపాల్‌కు ఇవ్వలేదు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ కార్డులో చూసుకుంటూ నా పేరు నేనే రాశాను. వెనకున్నవాళ్ళు గొణిగారు. గొణగనిమ్మన్నాను. సరైన గడిలో టిక్కు పెట్టి, తస్లీమాతో ఇంకోసారి మొత్తం చదివించుకుని, అప్పుడు సంతకం చేశాను. ఆమె ముద్ర కొట్టి రసీదు చింపి ఇచ్చింది.

భూపాల్ తన ఫారం మడిచి జేబులో పెట్టుకుని కొత్తది అడిగాడు. నింపాక గొంతు తగ్గించి, "బామ్మర్దీ, నాది గూడ జర చదివి చెప్పుమను" అన్నాడు.

ఆ రోజు షిఫ్టుకు ఆలస్యమైంది. బాయిలో మా మీద పెత్తనం చేసే సర్దార్ తిట్టాడు. పడ్డాను.

అడిగినన్ని వాటాలు రాలేదు, కానీ వచ్చాయి. మరుసటి ఏడు సెప్టెంబరులో తెలంగాణ కోసం సమ్మెలో కూర్చున్నాం. బాయిలన్నీ బంద్, జీతాల్లేవు. అలాంటి రోజున పోస్టుమ్యాన్ ఎల్లేశం మా టెంటు దగ్గరికి సైకిల్ మీద వచ్చి, నా పేరు ఇంటిపేరుతో సహా అరిచి, ఇటుకంత లావు కవరు చేతిలో పెట్టాడు. వాటాదారుల సభ కలకత్తాలో ఉంది, దయచేసి రావలసిందని.

భూపాల్ కవరు తీసుకుని పైకి చదివాడు. టెంటంతా గొల్లున నవ్వింది.

"ఏం నర్సింగం, యజమాని సంఘమా, కార్మిక సంఘమా నీది?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఈడ కూలోన్ని, ఆడ వాటాదారున్ని. రెండు జాగల్ల సంతకం నాదే" అన్నాను.

కలకత్తా పోలేదు. సమ్మె వదిలి ఎలా పోతాను? ఆ కవరు మాత్రం ఇంట్లో టీవీ మీద పెట్టాను. వచ్చినవాళ్ళందరూ చూస్తారు. చూడాలనే పెట్టాను.