కూత లేని ఆట

‘ఈ కోచ్ మాకొద్దు’ అని రాసిన కాగితం కింద పన్నెండు సంతకాలు. అన్నీ దేవి దగ్గర కబడ్డీ నేర్చుకున్న పిల్లలవే. సాగర్ క్లబ్బు సెక్రటరీ అర్జునరావు ఆ కాగితాన్ని గేటు దగ్గర, అందరి ముందూ ఆమె మొహాన ఆడించాడు.

“నీ పిల్లలే వద్దంతన్నారు. ఇంకేటి? నడు!”

తొమ్మిదేళ్ళుగా జాలరిపేట ఇసుకలో తెల్లారగానే వాళ్ళకి ఆట నేర్పింది దేవి. వల లాగేటప్పుడు నాన్న కాళ్ళు ఎలా ఊనేవాడో చూపించి పట్టు నేర్పింది. పోయిన నెల, ప్రాక్టీసులో ఆడపిల్లల మీద చేతులేస్తున్నాడని అర్జునరావు మీద ఫిర్యాదు రాసింది. అదీ ఆమె చేసిన నేరం! ఆ పెద్దమనిషికి భయపడలేదు గానీ, ఈ సంతకాలు చూసి ఆమె గుండె పగిలిపోయింది.

కంచె అవతలకి కెప్టెన్ నూకాలు ఏడుస్తూ వచ్చింది. “అక్కా, జెర్సీల సైజులకని తెల్లకాయితం మీద సంతకాలెట్టించుకున్నాడక్కా. పైన రాత తరవాత రాసుకున్నాడు.”

“పోన్లేయే. కప్పు గెలిస్తేనే నీకు ఆటల కోటాలో కాలేజీ సీటు. మీ యమ్మ సేపల తట్ట దించాల నువ్వు. నన్ను సూడకు, ఆడు.”



ఫైనలు పరవాడ జట్టుతో. మొదటి కూతకి నూకాలు వెళ్ళింది. గీత దాటింది, నోరు విప్పలేదు. కూత లేకపోతే పాయింటు అవతలివాళ్ళకే. మళ్ళీ వంతు వచ్చినప్పుడు అదే జట్టులోని రాణి వెళ్ళింది. ఆమె కూడా అంతే.

“ఏటే ఇది? కూతెట్టండే!” అర్జునరావు అరిచాడు.

జనంలోంచి నూకాలు తల్లి గంగాలమ్మ లేచింది. “ఆలకి నేర్పినామెని లోనకి రానీ. అప్పుడెడతారు!”

జనమంతా లేచారు. “రానీ! రానీ!”

పరవాడ పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తమ వంతుకి వాళ్ళ కెప్టెన్ హిమబిందు గీత దాటింది. నోరు విప్పలేదు.

బయట నిలబడి చూస్తున్న దేవి కంచె పట్టుకుని కూలబడింది. “నూకాలూ, నీ కాళ్ళు పట్టుకుంతానే. నా గురించి నీ బతుకు పాడుసేసుకోకే. కూతెట్టే!”

నూకాలు కళ్ళు తుడుచుకుంది. కూత మాత్రం పెట్టలేదు.

ఆట రద్దయింది. రెండు జట్లకీ ఏడాది నిషేధమని మైకులో చదివారు. పిల్లల్ని రెచ్చగొట్టిందని పోలీసులు దేవిని జీపెక్కించారు. జీపులో ఆమె తన గురించి ఏడవలేదు, చేజారిన ఆ సీటు గురించి ఏడ్చింది.

జీపు కదిలింది. వెనక ఎవరో “కబడ్డీ, కబడ్డీ” అంటున్నారు. నూకాలు గొంతు. తర్వాత రాణి, హిమబిందు, గంగాలమ్మ, పేట పేటంతా జీపు వెనక నడుస్తున్నారు.

పోలీస్ స్టేషను గేటు దాకా ఒక్కరూ కూత ఆపలేదు.