తడి తూకం

తెరిసమ్మ నూట యాభై గ్రాముల కందిపప్పు, వంద గ్రాముల ఉలవలు తూచి చాటలో పోసింది. ఆ తర్వాత, రోజూ చేసినట్టే, అందులోంచి నూట యాభై గ్రాములు వెనక్కి తీసి కట్టెల వెనక దాచిన గోనెసంచిలో వేసింది. మిగిలిన వంద గ్రాములే పొయ్యి మీదికి ఎక్కాయి.

ఇవాళ్టికి నూట ఏడో రోజు. ఈ దోసిలితో సంచిలో పదహారు కిలోలు నిండాయి. ఇంకొక్క పూట దొరక్కుండా ఉంటే చాలు.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. అరకు స్టేషను వెనక ఉన్న ఈ పసుపు రంగు ఇంట్లో నాలుగేళ్లుగా వండుతోంది. ఇంటికి వచ్చిపోయే వాళ్లలో ఆమె మొహం గుర్తుపెట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. అది ఆమెకు మంచిదే అయింది.

"ఒసే తెరిసమ్మా! బేగి రాయే!"

హాల్లో మంగరాజు సావుకారు బరువు మిషను ఎక్కి నిలబడ్డాడు. ప్రతి శుక్రవారం ఇదే తంతు. మొదట్లో పొట్ట అడ్డొచ్చి ముల్లు కనబడక, అంకె ఆమె చేత చదివించుకునేవాడు.

"ఎంత సూపిత్తంది?"

"తొంభై మూడు, బాబూ."

"నాకూ కనిపిత్తందే! పొట్ట అడ్డు లేదు! నూట పన్నెండు నించి తొంభై మూడు. డాక్టరమ్మ ఏటనుకుంటాదో!"

జీపు డ్రైవరు సోంబరు గుమ్మంలోంచి తల పెట్టాడు. "పెళ్లికొడుకు లాగున్నారు బాబూ."

"నోర్ముయ్యిరా. సంబంధం నువ్వు తెత్తావేటి?"

నవ్వుతూనే సావుకారు మిషను దిగబోయి తూలి, గోడ పట్టుకున్నాడు. తెరిసమ్మ ఆ చేతిని చూసింది. ఒకప్పుడు దుంగలా ఉండే జబ్బ ఇప్పుడు తడిగుడ్డ ఆరేసినట్టు వేలాడుతోంది. లుంగీ కింద పిక్కలు ఎండుకర్రలయ్యాయి. పొట్ట మాత్రం ఇంకా కాస్త మిగిలే ఉంది.

"ఇయాల సంతకి నానే ఎల్తాను. తూకం రాయి నానే ఎత్తుతాను. నాలుగు నెల్లయింది నన్ను సూసి. మజ్జిగ పట్టుకుని నువ్వూ రాయే."

తెరిసమ్మ మజ్జిగ చెంబు అందుకుంది. ఆ రాయి కోసమే ఆమె ఇన్నాళ్లూ ఎదురుచూసింది.

పోయిన వేసవిలో మోకాళ్ల ఆపరేషనుకని సావుకారు విశాఖ వెళ్తే, ముందు ఇరవై కిలోలు తగ్గి రమ్మన్నారు. వంట చేసేది ఎవరని అడిగి, తిండి సంగతి చూసే డాక్టరమ్మ తెరిసమ్మను లోపలికి పిలిచింది. సావుకారు అప్పుడు పక్క గదిలో చొక్కా తొడుక్కుంటున్నాడు. భార్య పోయాక సింహాచలం అప్పన్నకు మొక్కి నీచు మానేసిన మనిషి. గుడ్డు కూడా ముట్టడు.

"అయితే పప్పే దిక్కు. రోజుకి ఎనభై గ్రాముల ప్రొటీను పడాలి. అన్నం తగ్గించు, నూనె తగ్గించు, పప్పూ ఉలవలూ పెరుగూ మాత్రం తగ్గించొద్దు. బరువు తగ్గేటప్పుడు అవి చాలకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. ఇంకో మాట. ఈ కాగితంలో రాసినవన్నీ పచ్చి గింజల లెక్క. ఉడికాక తూచావంటే నీళ్లు తూచినట్టే."

తెరిసమ్మ తలూపింది.

ఇంటికొచ్చిన రోజునే సావుకారు కొత్త కాటా కొని భోజనాల బల్ల మీద పెట్టించాడు. "తూకం ఎప్పుడూ కళ్ల ముందర జరగాలి. వంటింట్లో నువ్వేం తూత్తావో నాకేటి తెలుసు? ఇక్కడే, నా ముందరే తూసి వడ్డించు."

బల్ల మీదికి వచ్చేది ఉడికిన పప్పే. కాగితంలో రాసిన రెండు వందల యాభై గ్రాములు, ముల్లు మీద తేడా లేకుండా. కానీ వంద గ్రాముల గింజలే నీళ్లు పీల్చి అంత తూగుతాయి. ఆ మాట చెప్పడానికి తెరిసమ్మ నోరు తెరిచింది. అప్పుడు ఆమెకు ఇంకో కాటా గుర్తొచ్చింది. తెరిచిన నోరు మూసేసింది.

ఆమెకు పదమూడేళ్లప్పుడు తండ్రి బర్నబా ఆమెను వెంటబెట్టుకుని, రెండు బస్తాల పసుపు బండిలో వేసుకుని సంతకొచ్చాడు. ఉడకబెట్టి, బండ మీద పదిహేను రోజులు ఎండబెట్టిన పసుపు. మంగరాజు ఒక కొమ్ము వేళ్లతో నలిపి, "తేమ ఉంది. బస్తాకి ఎనిమిది కిలోలు తీసెయ్" అన్నాడు.

"ఎండిపోనాది బాబూ. ఇరిసి సూడండి, టక్కుమంటాది."

ఎదురు మాట్లాడినందుకు మంగరాజు కోప్పడలేదు, నవ్వాడు. బర్నబా రెక్క పట్టుకుని పెద్ద కాటా పళ్లెంలో నిలబెట్టాడు. రెండో పళ్లెంలో రాళ్లు వేశాడు. "నలభై ఒకటి! ఈడిలోనూ తేమ ఉందిరోయ్, మూడు కిలోలు తీసెయ్యండి!" సంతంతా నవ్వింది. తండ్రి పళ్లెంలో ఊగుతూ, గొలుసు పట్టుకుని, కూతురి వైపు చూడకుండా నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన సంత మొహం చూడలేదు. రెండేళ్లు ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకుని, అలాగే కన్నుమూశాడు.

ఈ ఇంట్లో వంటకు చేరింది పగతో కాదు, పని దొరక్క. నాలుగేళ్లు పగ ఆమె లోపల ఆయుధం లేకుండా కూర్చుంది. ఆయుధం సావుకారే కొని తెచ్చి బల్ల మీద పెట్టాడు. పచ్చి గింజలు మాత్రం ఆమె ఒక్కటి కూడా దొంగిలించలేదు. అతనికి అందాల్సినదంతా సంచిలోనే ఉంది.

పది గంటలకు సంత నిండింది. అల్లం బుట్టలు, చీపుళ్ల కట్టలు, ఎండు మిరియాల ఘాటు. సావుకారు జీపు దిగగానే జనం దారిచ్చారు. ముప్పై ఏళ్లుగా అక్కడ ఒక ఆచారం ఉంది. మంగరాజు ఇరవై కిలోల ఇనపరాయిని ఒంటిచేత్తో భుజం దాకా ఎత్తి పళ్లెంలో పెడితేనే తూకం మొదలు. ఈ నాలుగు నెలలూ గుమస్తా రెండు చేతులతో ఎత్తాడు.

"జరగరా. నానొచ్చేసినాను."

వంగి కొక్కెం పట్టుకున్నాడు. రాయి జానెడు లేచింది. మెడ నరాలు పొంగాయి. రెండో చెయ్యీ వేశాడు. రాయి మోకాలి దాకా వచ్చి ఆగింది. తర్వాత రాయి అక్కడే మట్టిలో పడింది, దాని పక్కన సావుకారు మోకాళ్ల మీద పడ్డాడు.

చుట్టూ ఉన్నవాళ్లు ముందుకు తోసుకొచ్చారు.

పసుపు బస్తా మీద కూర్చున్న ముసలి భీముడు చుట్ట నోట్లోంచి తీశాడు. "తేమ తీసెయ్యండి బాబూ! అందులో కండెంతో తేల్తాది!"

ముందు ఒకరు నవ్వారు. తర్వాత చీపుళ్ల వాళ్లు, అల్లం వాళ్లు, ఆఖరికి గుమస్తా కూడా మొహం తిప్పుకుని నవ్వాడు. మజ్జిగ చెంబు పట్టుకుని తెరిసమ్మ నవ్వకుండా నిలబడింది. నవ్వు మధ్యలో సావుకారు కాటా గొలుసు పట్టుకుని లేవడానికి చూశాడు. గొలుసు ఊగింది. ఆమె కళ్లారా చూసింది.

ఇంటికొచ్చాక అతను కుర్చీలో కూలబడ్డాడు. భీముడన్న తేమ మాట చెవిలోంచి పోలేదు. తర్వాత పచ్చి పప్పు గుప్పెడు, ఉడికిన పప్పు గిన్నెడు తెమ్మన్నాడు. ఉడికిన బద్దను బొటనవేలితో నలిపాడు. వేలు తడిసింది. తేమ పేరు చెప్పి బతికిన వేళ్లవి. వాటికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

"ఉడికినాక తూత్తన్నావేటే?"

"బల్ల మీద తూసీమన్నది మీరే కద బాబూ."

"డాక్టరమ్మ ఏటి సెప్పింది?"

"పచ్చివే తూసమంది."

"మరి నాకెందుకు సెప్పనేదు?"

"తేమ సంగతి మీకు తెలవదేటి బాబూ?"

సావుకారు తల పైకెత్తాడు. నాలుగేళ్లలో మొదటిసారి ఆమె మొహం చూశాడు. "నువ్వెవరి గుంటవే?"

"బర్నబా కూతుర్ని. పసుపు తెచ్చినాడు. కాటాలో నిలబెట్టి తూసినారు."

అతను నిజంగానే వెతుక్కున్నాడు. కళ్లు మూసి, కనుబొమలు ముడిచి. దొరకలేదు.

"ఏ బర్నబా? అలాగ శానామందిని నిలబెట్టినాను."

ఇరవై అయిదేళ్లుగా ఆమె దాచుకున్న మాటలు అక్కడే ఎండిపోయాయి. తన తండ్రిని చంపిన రోజు ఈ మనిషికి మామూలు శుక్రవారం. వంటింట్లోకి వచ్చి కట్టెలు పక్కకు నెట్టింది. ఇంకో వంద రోజులు ఉండాలనిపించింది. పచ్చివే తూస్తున్నానని చెప్పి, ఇంకో దారి వెతికి, అతను మంచం మీంచి లేవలేని రోజు దాకా. చెయ్యి చాట దాకా వెళ్లింది.

ఆగింది. బస్తాకి ఎనిమిది, రెండు బస్తాలకి పదహారు. పదిహేడో కిలో తీసుకుంటే తనకూ అతనికీ తేడా ఉండదు.

దబ్బనంతో సంచి మూతి కుట్టింది. బట్టలు మూట కట్టింది. పొయ్యి అలికి, గిన్నెలు బోర్లించింది. మధ్యాహ్నం రైలుబండికి టైడాలో అక్క దగ్గరికి వెళ్లిపోవచ్చు. హాలు దాటుతుంటే సావుకారు కుర్చీలోనే, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పలచబడ్డ చేతులు ఒళ్లో పడి ఉన్నాయి.

"పచ్చివి తూసుకోండి బాబూ," అంది మెల్లగా. అతను వినలేదు.

బండి కూత వినబడి, దూరమైంది.

హాల్లో బరువు మిషను మీద, అతను నిలబడే చోట, గోనెసంచి నిలబడి ఉంది. ముల్లు పదహారు దాటి చిన్న గీత దగ్గర ఆగింది. ఆ గీత ఖాళీ సంచి బరువు.