వెనకవైపు వాన

నేను ఒక బారెన్‌ని. పేరు వినగానే ముఖం అలా పెట్టకండి. జపానులో చెక్క అచ్చులతో బొమ్మలు వేసే ప్రతి ఇంట్లోనూ నాలాంటిది ఉంటుంది. అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ళను. వెదురు పొరల్ని సన్నగా చీల్చి, తాడుగా పేని, చుట్టగా చుట్టి, పైన మళ్ళీ వెదురు పొరే తొడిగి వీపున ముడివేశారు. ఆ ముడే నా పిడి. చెక్కిన పలక మీద రంగు పూసి, తడి కాగితాన్ని దాని మీద బోర్లించి, కాగితం వీపున నాతో రుద్దుతారు. అప్పుడు గానీ కాగితానికి రంగు పట్టదు.

ఇక నా గోల వినండి. లెక్కలేనన్ని కొండలు, నదులు, వానలు నా కింద పుట్టాయి. ఒక్కటంటే ఒక్కటి నేను చూడలేదు! రుద్దడం కాగానే మా అచ్చుపనివాడు గెంజో నన్ను నూనెగుడ్డ మీద బోర్లా పెట్టి, ఆ తర్వాతే కాగితం లేపేవాడు. "అబ్బ, ఆ వాన చూడండయ్యా!" అని వచ్చినవాళ్ళు ముచ్చటపడుతుంటే, నేను గుడ్డలో ముఖం పెట్టుకుని కాలుగాలిన పిల్లిలా గిలగిల్లాడేదాన్ని. చేసేది మనం, చూసేది వాళ్ళు.

గెంజోది ఎడమచేతి వాటం. నేర్చుకునే రోజుల్లో గురువు నెత్తిన మొట్టి కుడిచేత్తో రుద్దమనేవాడు. ఆయన ఎదుట ఉన్నంతసేపూ కుడి, అటు తిరగ్గానే ఎడమ. చివరికి గురువే విసిగిపోయి, "ఏ చేత్తోనైనా ఏడువు, ఆకాశం మాత్రం పాడుచెయ్యకు" అన్నాడు. పాడుచెయ్యలేదు. పైన చిక్కటి నీలం, కిందికి దిగేకొద్దీ పలచబడి పలచబడి మాయమయ్యేదట. అందరూ అనేవారు. నేనెక్కడ చూశాను గనక!

ఆ బొమ్మల మీద గీసినవాడి పేరుండేది, అమ్మే కొట్టు ముద్ర ఉండేది. అచ్చువేసిన గెంజో పేరు ఉండేది కాదు. పెళ్ళిలో వంటవాడి పేరు ఎవరడుగుతారు? మంచి కాగితాలన్నీ కొట్టుకు పోయేవి, చెడిపోయినవి ఇంట్లో మిగిలేవి. వాటిని తిరగేసి కూతురు కినూకి ఇచ్చేవాడు. ఆ పిల్ల అక్షరాలు దిద్దిందీ, పిచ్చిగీతలు గీసిందీ ఆ వెనకవైపునే. తర్వాత పేటలో నిప్పంటుకుని ఇల్లు మొత్తం కాలిపోయింది. గెంజో నడుం పట్టీలో ఉన్నాను గనక నేను బతికాను. కొన్నేళ్ళకు, ఒక చలికాలంలో, గెంజో కూడా పోయాడు.

కినూకి అప్పుడు పట్టుకుంది దిగులు. నాన్న వేసిన బొమ్మ ఒక్కటైనా ఇంట్లో లేదు. 'రేవులో వాన' అనే బొమ్మకు ఆయన అచ్చువేశాడని ఆమెకు తెలుసు. కానీ అదే పలకలతో ఇంకెంతమందో వేశారు. యొకొహామాలో సకాయి అనే పాత బొమ్మల వర్తకుడి దగ్గర అవి మూడు ఉన్నాయని, సాయంత్రం ఓడలో పై దేశానికి పోతున్నాయని తెలిసి, నన్ను నడుం పట్టీలో దోపుకుని పరుగెత్తింది. దారి పొడవునా ఆమె గుండె దడదడ నాకు తగులుతూనే ఉంది. నాకూ అదే దడ. ఒకటే కొనగలదు. తప్పుగా తీసుకుంటే నాన్నది సముద్రం దాటిపోతుంది.

సకాయి మూడూ పరిచాడు. కినూ మూడింటినీ తిరగేసింది.

"అయ్యో తల్లీ, బొమ్మ అటువైపు ఉందమ్మా!" అన్నాడు సకాయి కంగారుగా.

"తెలుసు బాబాయ్. కాస్సేపు ఆగు."

వెనకవైపు, ఆకాశం ఉండే చోట, రుద్దిన జాడలు గాలికి వాలిన గడ్డిలా ఉంటాయి. రెండింటిలో ఒకే పక్కకు వాలాయి. మూడోదానిలో ఎదురు పక్కకు వాలాయి.

"దాని మూల మరక పట్టింది, నీలం వెలిసింది. ఈ మధ్యది తీసుకో, కొత్త పెళ్ళికూతురిలా ఉంది. నీ మంచికే చెబుతున్నా" అన్నాడు సకాయి. పాపం, నిజంగానే మంచికే చెప్పాడు.

కినూ నన్ను బయటికి తీసి, ఎడమచేత్తో పట్టుకుని, ఆ జాడల మీద మెల్లగా నడిపించింది. నా ఒళ్ళు జలదరించింది. నేను వెళ్ళిన దారే! గెంజో మోచెయ్యి ఎక్కడ ఒత్తిందో, ఎక్కడ తేలిపోయిందో, అన్నీ అక్కడే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ముందువైపు చూడలేదని ఏడ్చానే తప్ప, వెనకవైపు నేనే ఉన్నానని నాకు తట్టనేలేదు. కినూ వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇదే బాబాయ్. మరకతోనే ఇచ్చెయ్."

ఇంటికి తెచ్చి గోడకు తగిలించింది. ఎలా అనుకున్నారు? వెనకవైపు బయటికి పెట్టి! పక్కింటావిడ వచ్చి, "అదేమిటే, తిరగేసి పెట్టావు?" అని బుగ్గలు నొక్కుకుంది.

"మా నాన్న ఇటువైపే ఉన్నాడు పిన్నీ" అంది కినూ.

నన్ను ఎదురుగా చిన్న అరమీద పెట్టింది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా గెంజో చెయ్యి నా కళ్ళముందే ఉంది. సంతోషమే, కాదనను. కానీ ఆ వాన ఎలా ఉంటుందో, ఆ నీలం ఎలా మాయమవుతుందో... మూరెడు దూరంలో, ఒక్క కాగితం అవతల ఉందండీ! కినూ, నా తల్లివి కదూ, ఒక్కసారి, ఒక్కసారి ఇటు తిప్పవే.